మూడు కాళ్ల ప్లగ్గు

వైరింగ్ పని చేసే పిల్లలు ఇప్పటికీ అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "తాతా, ట్రాలీ లైట్లు సతాయిస్తున్నయి, ఏం జెయ్యాలె?" అంటారు. నేను మొదట అడిగేది ఒకటే మాట. "ముందటి బండికి కట్టి సూసినవా?" వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుతారు. ముసలాయనకు ఇంతకు మించి ఏం గుర్తులేదని అనుకుంటారేమో. పని చాలావరకు నా చేతులు కాల్చుకునే నేర్చుకున్నాను. ఈ ఒక్క ప్రశ్న మాత్రం ఇంకొకరి కాలు విరిగిన తర్వాత నేర్చుకున్నాను. రాయమని నన్నెవరూ అడగలేదు. చెప్పకుండా పోవడం బాగుండదని రాస్తున్నాను.

పంతొమ్మిది వందల అరవైల చివరి సంవత్సరాలు. నిజామాబాదులో ఒక మోటారు కరెంటు దుకాణంలో ఆరేళ్లు పనిచేసి, బోధన్ వైపు ఒక చెరుకు రైతుల సంఘంలో ఎలక్ట్రీషియన్‌గా కుదిరాను. సంఘానికి రెండు జీపులు, కొన్ని ట్రాక్టర్లు, వాటి ట్రాలీలు, వీటన్నిటికీ ఒక రేకుల షెడ్డు ఉండేవి. షెడ్డులో ఇనుప పని చేసేవాళ్లు నలుగురు, తీగల పని తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. తెలిసినవాడు ఒక్కడే ఉన్నచోట వాడికి కొంచెం పొగరు కూడా ఉంటుంది. నాకు కొంచెం కంటే ఎక్కువే ఉండేది.

ఆ షెడ్డుకు వచ్చే బండ్లన్నిటిలో నాకు ఇష్టమైంది దవాఖాన బండి. రెండు చక్రాల మీద నిలబెట్టిన చిన్న ఇల్లు అది. ఆకుపచ్చ రంగు, పక్కకు ఒక కిటికీ, దానికి గుడ్డ తెర, లోపల రోగి పడుకోవడానికి ఒక బల్ల, మందుల అలమార, పైన ఒక దీపం. జీపు వెనక కొండీకి తగిలించి ఊరూరా తిప్పేవారు. కోతల కాలంలో మహారాష్ట్ర వైపు నుంచి చెరుకు కొట్టే కూలీలు కుటుంబాలతో వచ్చి పొలాల్లోనే గుడిసెలు వేసుకునేవారు. కత్తి దెబ్బలు, జ్వరాలు, కాన్పులు. వాళ్ల దగ్గరికి దవాఖాన వెళ్లాలని సంఘం ఆ బండిని కొన్నది. కంపౌండర్ అందులోనే వంట చేసుకుని అందులోనే పడుకునేవాడు. "మా అత్తగారింట్ల గూడ నాకింత ఇజ్జత్ లేదు తమ్మీ, ఈడ నన్ను డాక్టర్ సాబ్ అంటరు" అనేవాడు.

జీపు నడిపేది ఒక పెద్దమనిషి. మేమంతా ఆయనను చాచా అనేవాళ్లం. ఆయన వయసు అప్పటికి యాభై దాటింది. స్వాతంత్ర్యానికి ముందు నుంచీ స్టీరింగు పట్టినవాడు. మాట తక్కువ, బండి మీద శ్రద్ధ ఎక్కువ. ప్రతి దసరాకు జీపు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టేది ఆయనే. ఇంకెవరైనా పెడితే వంకరగా పెట్టారని సర్దేవాడు.

ఇప్పుడు కొంచెం తీగల సంగతి చెప్పాలి, లేకపోతే నా తప్పు మీకు అర్థం కాదు. దవాఖాన బండి వెనక రెండు ఎర్ర దీపాలు. ఒక్కో బల్బులో రెండు తీగలుంటాయి. ఒకటి చీకటి పడ్డాక ఎప్పుడూ సన్నగా వెలిగేది, రెండోది బ్రేకు తొక్కినప్పుడు గట్టిగా వెలిగేది. ఇవి గాక లోపలి దీపం. మలుపుల దగ్గర డ్రైవర్లు చెయ్యి చాపేవారు, దానికి దీపాలు లేవు. ఈ మూడింటికీ కరెంటు జీపు నుంచే రావాలి. వచ్చిన కరెంటు తిరిగి జీపుకు పోవాలి. ఆ తిరుగుదారినే ఎర్త్ అంటాం. అంటే పోయే తీగలు మూడు, తిరిగొచ్చేది ఒకటి, మొత్తం నాలుగు. జీపుకూ బండికీ మధ్య నాలుగు కాళ్ల ఇనుప ప్లగ్గు ఉండేది.

ఒక సీజన్ మధ్యలో ఆ ప్లగ్గు ఊడి రోడ్డు మీద పడింది. వెనక వచ్చిన ట్రాక్టరు దాన్ని అప్పడం చేసింది. నిజామాబాదు బజారంతా తిరిగినా అటువంటిది దొరకలేదు. హైదరాబాదుకు రాస్తే నెల పడుతుందన్నారు. నేను ఒక దుకాణంలో ఇళ్లలో వాడే మూడు కాళ్ల ప్లగ్గు కొనుక్కొచ్చాను. మూడు కాళ్లకు పోయే తీగలు మూడూ కట్టాను. తిరుగుదారికి తీగ ఎందుకు, జీపు కొండీ ఇనుమే, దానికి తగిలించే బండి రింగూ ఇనుమే, రెండూ ఒకదాన్నొకటి పట్టుకునే ఉంటాయి కదా, కరెంటు అట్నుంచే పోతుందని లెక్క వేశాను. ఆ ప్లగ్గులో లావుపాటి కాలు దేనికి పెడతారో నాకు తెలుసు. సరిగ్గా ఎర్త్ కోసమే పెడతారు. దానికి నేను లోపలి దీపం తీగ కట్టాను.

దీపాలు వెలిగాయి. మేనేజర్ సాబ్ వచ్చి చూసి, "దిమాగ్ అంటే గిట్లుండాలె" అని నలుగురి ముందూ అన్నాడు. ఆ మాటను నేను రెండేళ్లు జేబులో పెట్టుకుని తిరిగాను. నాలుగు కాళ్ల ప్లగ్గు కోసం హైదరాబాదుకు మళ్లీ రాయలేదు.

మా షెడ్డులో ఒక ఆచారం ఉండేది. గుమ్మం దగ్గర నేల మీద సున్నంతో ఒక గీత. డ్రైవర్లు ఆ గీత దాటి లోపలికి రాకూడదు. ఎప్పుడో ఒక పానా పోయిందని పాత మేస్త్రీ పెట్టిన నియమం అది. పానా ఆ తర్వాత దొరికిందట, గీత మాత్రం ఉండిపోయింది. నాకది బాగా నచ్చింది. ఏటా సున్నం కొట్టించింది నేనే. దవాఖాన బండి రిపేరుకు వస్తే చాచా గీత బయట కొండీ విప్పేవాడు, మేము బండిని చేతులతో లోపలికి తోసుకునేవాళ్లం, జీపు తన పనికి తాను వెళ్లిపోయేది. లోపల నేను స్టూలు మీద ఒక బ్యాటరీ పెట్టి, దాని ఒక తీగ బండి ఇనుముకు తగిలించి, రెండో తీగతో ప్లగ్గు కాళ్లను ఒక్కొక్కటీ ముట్టించేవాణ్ని. దీపాలన్నీ ధగధగా వెలిగేవి. 'లైట్లు సరిగ్గా ఉన్నాయి' అని పుస్తకంలో సంతకం పెట్టేవాణ్ని.

ఇందులో మోసం ఎక్కడుందో మీరు పట్టుకునే ఉంటారు. తిరుగుదారి తీగను పరీక్షలో నేనే నా చేత్తో కడుతున్నాను. రోడ్డు మీద లేనిదాన్ని షెడ్డులో నేను కలిపి, అంతా బాగుందని రాస్తున్నాను. నా పరీక్షకు నా తప్పు కనపడే దారే లేదు.

చాచాకు కనపడింది. రెండుసార్లు గీత బయట నిలబడి చెప్పాడు. "బేటా, గుంతలల్ల పోతుంటే ఎన్క లైటు మినుకు మినుకుమంటున్నది. ఒక్కపారి సూడు."

"నా దగ్గర మంచిగనే ఎలుగుతున్నయి గద చాచా."

"నీ దగ్గర ఎలుగుతయి. తొవ్వల ఎలుగుతలెవ్వు."

"గట్లయితే కరాబైంది లైటు గాదు, నీ కండ్లు. అద్దాలు పెట్టించుకో."

షెడ్డంతా నవ్వింది. ఆయన కూడా కొంచెం నవ్వి, బీడీ వెలిగించుకుని వెళ్లిపోయాడు. నా మాట ఊరికే పోలేదు. చాచాకు చూపు తగ్గిందట అని సంఘం ఆఫీసులో ఎవరో అంటే నేనే విన్నాను. నేను వేసిన జోకు అని మాత్రం చెప్పలేదు.

ఆ ఏడు దసరాకు ఎప్పటిలాగే బండ్లన్నీ కడిగి రంగులు వేయించాం. రంగులు వేసే మనిషి బ్రష్షు పట్టుకుని నన్నడిగాడు. "కొండీకి, రింగుకు గూడ ఎయ్యాల్నా అన్నా?"

"ఎయ్యి. రెండు కోటింగులెయ్యి, తుప్పు పడుతున్నయి" అన్నాను.

మిరపపండు లాంటి ఎరుపు. పూజనాడు పసుపు, కుంకుమ, బంతిపూల మధ్య ఆ కొండీ ఎంత బాగుందో ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. జీపు ఇనుముకూ బండి ఇనుముకూ మధ్య నాలుగు పొరల రంగు పడిందని, నేను వేసిన లెక్కను నేనే మూసేశానని నాకు తోచలేదు.

దసరా పోయిన మూడో రోజు బండి ఆ సీజన్‌లో మొదటిసారి బయటికి వెళ్లింది. పొద్దున నేను స్టూలు మీది బ్యాటరీతో పరీక్ష చేసి సంతకం పెట్టాను. రెంజల్ వైపు గుడిసెలన్నీ తిరిగి సాయంత్రం వస్తున్నారు. చాచా నడుపుతున్నాడు, పక్కన కంపౌండర్. మసక పడుతున్నదని చాచా దీపాల స్విచ్చు వేశాడు. ఒక కల్వర్టు దగ్గర బర్రెల మంద అడ్డం వస్తే బ్రేకు తొక్కాడు. వెనక మోటారు సైకిలు మీద మా సంఘం ఫీల్డ్‌మన్ వస్తున్నాడు. చెరుకు తోటలు చూసి రాసుకునే మనిషి, ముప్పై ఏళ్లుంటాయి. సూటిగా వచ్చి దవాఖాన బండికి గుద్దుకున్నాడు. మోకాలి కింద ఎముక రెండు ముక్కలైంది. అదే బండిలో, అదే బల్ల మీద పడుకోబెట్టి బోధన్ ఆసుపత్రికి తీసుకుపోయారు.

ఫీల్డ్‌మన్ ఆసుపత్రి మంచం మీద చెప్పిన మాట ఇది. "ముందల ఎర్ర లైటు కనవడ్డది. బీడీ నిప్పు లెక్క సన్నగుండె. నేను దగ్గరికొచ్చేసరికి ఆరిపోయింది. బండి పోయిందనుకున్న, ఈడనే ఉన్నది."

చాచా చెప్పిన మాట ఇది. "నేను స్విచ్చు ముట్టలే. తొక్కింది బ్రేకే."

అప్పట్లో డ్రైవర్లకు ఒక అలవాటుండేది. బ్యాటరీ దిగిపోతుందని మసక వెలుతురులో దీపాలు వేస్తూ ఆర్పుతూ నడిపేవారు. ఇదీ అట్లాగే జరిగిందని అందరూ అనుకున్నారు. ఉన్న లైటు ఆరిపోయిందంటే ఎవరో ఆర్పినట్టే కదా. పైగా పుస్తకంలో నా సంతకం ఉంది. మేనేజర్ అడిగితే, "పొద్దుగాలనే చెక్ చేసిన సార్, ఫస్ట్‌క్లాస్ ఉన్నయి" అన్నాను. అబద్ధం చెప్పాననుకోలేదు. చాచాను డ్యూటీ నుంచి ఆపేశారు. తప్పు తేలితే ఉద్యోగం తీసేసి, లైసెన్సు రద్దు చేయమని పైకి రాస్తామన్నారు. ఆ వయసులో స్టీరింగు తప్ప ఇంకో పని తెలియని మనిషి ఆయన. విచారణ తేలేదాకా దవాఖాన బండిని కదపవద్దని షెడ్డులో ఒక మూలన నిలబెట్టారు.

ఆ పదిహేను రోజులూ ఆ రెండు మాటలు నా ముందే ఉన్నాయి. ఒకాయన బ్రేకు తొక్కానన్నాడు, ఇంకొకాయన లైటు ఆరిందన్నాడు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. నేను పెట్టలేదు. ఒకరిది నిజమైతే ఇంకొకరిది అబద్ధమనే అందరితో పాటు అనుకున్నాను.

విచారణకు ముందు రోజు సాయంత్రం, ఇంకా ఎండ పూర్తిగా పోలేదు. జీపు పంక్చరు వేయించుకోవడానికి షెడ్డుకు వచ్చింది. చాచా బదులు వచ్చిన కొత్త డ్రైవరు, షెడ్డు పనివాళ్లతో కలిసి చాయకు పోయాడు. రేపు కమిటీ పెద్దలు వస్తారు, జీపుకు కట్టి కూడా చూపిస్తే ఇంకా బాగుంటుందని నాకు బుద్ధి పుట్టింది. తనిఖీ కోసం కాదు, గొప్ప కోసం. బండిని లాగి కొండీకి తగిలించాను, ప్లగ్గు పెట్టాను. బండి వెనక సున్నం కొట్టిన గోడ ఉంది. డ్రైవరు సీట్లో కూర్చుని స్విచ్చు వేసి, పక్క అద్దంలో చూశాను. గోడ మీద రెండు ఎర్ర మచ్చలు పడ్డాయి. కొంచెం మసకగా ఉన్నాయి, బల్బులు పాతబడ్డాయేమో అనుకున్నాను. బ్రేకు తొక్కాను.

గోడ తెల్లగా అయిపోయింది.

కాలు తీశాను. ఎర్ర మచ్చలు మళ్లీ వచ్చాయి. తొక్కాను. పోయాయి. మూడోసారి తొక్కే ముందు కాలు కాసేపు గాలిలోనే ఆగిపోయింది.

తిరుగుదారి మూసుకుపోతే కరెంటు వేరే సందు వెతుక్కుంటుంది. బ్రేకు దీపం తీగలోంచి వెనక్కి జీపుకు పోతుంది. అందుకే మసక వెలుగు. బ్రేకు తొక్కితే ఆ తీగలోకి కూడా అటునుంచి కరెంటు వచ్చి ఆ సందూ మూసుకుపోతుంది. బ్రేకు తొక్కితే వెలగాల్సిన దీపం, బ్రేకు తొక్కితే ఆరుతుంది. ఫీల్డ్‌మన్ చూసింది నిజం. చాచా చేసింది నిజం. నా సంతకం ఒక్కటే అబద్ధం.

దిగి వెళ్లి కొండీ చూశాను. రంగు ఎక్కడా చెదరలేదు. అప్పుడు నేను చేసిన పని ఇది. పెట్టెలోంచి ఆకురాయి తీశాను. కొండీ లోపలి వైపు, రింగు లోపలి వైపు, ఇనుము తెల్లగా మెరిసేదాకా గీకాను. రాలిన ఎర్ర పొడిని కాలితో చెదరగొట్టాను. మళ్లీ కూర్చుని బ్రేకు తొక్కితే గోడంతా ఎర్రగా వెలిగింది. లోపం బాగుచేయడమే కదా నా పని, బాగుచేశాను, అని నాకు నేనే చెప్పుకున్నాను. పది నిమిషాలు కూడా పట్టలేదు. కొత్త డ్రైవరు చాయ తాగి వచ్చేసరికి జీపు విప్పి, బండి మూలకు పెట్టి, చేతులు తుడుచుకుంటున్నాను.

మరునాడు పొద్దున విచారణ షెడ్డులోనే జరిగింది. మేనేజర్ సాబ్, కమిటీ పెద్దలు ఇద్దరు కుర్చీల్లో కూర్చున్నారు. ఫీల్డ్‌మన్ కట్టు వేసిన కాలు ఒక డబ్బా మీద చాపుకుని కూర్చున్నాడు. కంపౌండర్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. చాచా ఉతికిన తెల్ల పైజామా వేసుకుని వచ్చి, సున్నం గీత బయటే నిలబడ్డాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, ఆయన రాలేదు.

నేను స్టూలు మీద బ్యాటరీ పెట్టి దీపాలన్నీ వెలిగించి చూపించాను. పెద్దలు తలలూపారు. మేనేజర్ అడిగాడు. "చాచా, ఏమంటవు మరి?"

"సాబ్, జీపుకు కట్టి సూపియ్యుమనుండ్రి. గంతే. ఇంకేం అడుగ."

అందరూ నా వైపు చూశారు. జీపు లోపలికి తెచ్చారు. కొండీ తగిలించింది నేనే. కొత్త డ్రైవరు స్విచ్చు వేశాడు, బ్రేకు తొక్కాడు. దీపాలు పెళ్లి దీపాల్లా వెలిగాయి. తొక్కినప్పుడల్లా ఇంకా ఎర్రబడ్డాయి.

చాచా చాలాసేపు వాటినే చూశాడు. తర్వాత నా వైపు తిరిగి, నిందలేని గొంతుతో అన్నాడు. "అయితే నువ్వన్నదే నిజం బేటా. నా కండ్లే కరాబైనయి."

కమిటీ పెద్దల్లో ఒకాయన, "ఆ ముచ్చట మేం గూడ ఇన్నం" అన్నాడు. రేపు సాయంత్రానికి ఆర్డరు రాస్తామని మేనేజర్ లేచాడు. చాచా సలాం చేసి వెళ్లిపోయాడు. గుమ్మం దగ్గర ఒకసారి ఆగి, కళ్లు నులుముకుని, దూరంగా ఉన్న ఏదో చెట్టును గురి చూసినట్టు చూశాడు. తన చూపును పరీక్షించుకుంటున్నాడని నాకు అర్థమైంది.

మధ్యాహ్నం ఇంటికి వెళ్లి అన్నానికి కూర్చున్నాను. జొన్నరొట్టె తుంచుతుంటే నా భార్య చేతుల వైపు చూసింది. "దసరా పోయి ఇన్ని దినాలాయె. గోర్లల్ల ఇంకా ఎర్ర రంగేంది?"

లేచి సబ్బుతో కడుక్కున్నాను, పోలేదు. పుల్లతో గీకాను, కొంచెం పోయింది. తిరిగి వచ్చి కూర్చుని, తుంచిన రొట్టెను పక్కకు జరిపాను. "పానం బాగలేదా?" అన్నది. "పని మర్చిపోయిన" అని చెప్పి షెడ్డుకు తిరిగి వెళ్లాను.

నేను మంచివాణ్నని చెప్పడానికి ఇది రాయడం లేదు. షెడ్డుకు పోయే దారిలో కూడా, ఎట్లా చెబితే నా పేరు తక్కువ పాడవుతుందా అని లెక్కలు వేశాను. ఒక్క లెక్కా కుదరలేదు. రంగుల డబ్బా అడిగి తీసుకుని, గీకిన చోట కొండీకీ రింగుకూ మళ్లీ రంగు వేశాను. రెండు కోటింగులు, ముందున్నట్టే. పొద్దుటికి ఎండిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం మేనేజర్ దగ్గరికి పోయి, "సార్, ఒక్కసారి షెడ్డుకు రావాలె. చాచాను గూడ పిలిపియ్యుండ్రి" అన్నాను.

"ఇంకేం ఉన్నది? అయిపోయింది గద."

"కాలేదు సార్."

చిరాకుగానే వచ్చాడు. బండిని నేను ముందే జీపుకు కట్టి పెట్టాను. చాచా వచ్చి గీత దగ్గర ఆగాడు. "లోపటికి రా చాచా. నువ్వే కూసొని తొక్కాలె" అన్నాను.

ఆయన గీత వైపు, నా వైపు చూశాడు. "దాటుమంటె దాటుత. మల్ల గదొక కేసు పెట్టకుండ్రి నా మీద."

జీపు ఎక్కి కూర్చున్నాడు. నేనూ మేనేజరూ బండి వెనక నిలబడ్డాం. స్విచ్చు వేయమన్నాను. ఎర్ర దీపాలు సన్నగా వెలిగాయి, బీడీ నిప్పులాగే. "ఇప్పుడు బ్రేకు తొక్కు చాచా."

ఆరిపోయాయి.

మేనేజర్ వంగి దీపాల దగ్గర మొహం పెట్టి చూశాడు. పట్టపగలు గోడ మీద ఎర్ర మచ్చలు పడవు, సీట్లోంచి చాచాకు వెనక ఏమీ కనపడదు. ఆయన గట్టిగా అడిగాడు. "ఉందా?"

మళ్లీ అడిగాడు. "బేటా, ఉందా?"

"లేదు చాచా" అన్నాను. "నువ్వు తొక్కితే పోయింది. ఆనాడు గూడ గట్లనే పోయింది. తప్పు నాది."

మేనేజర్‌కు మూడు కాళ్ల ప్లగ్గు చూపించాను, తీసేసిన తీగ చోటు చూపించాను, రంగు చూపించాను. అంతా విని ఆయన ఒక్కటే అడిగాడు. "మరి నిన్న ఎట్ల ఎలిగింది?"

దానికోసమే రాత్రంతా జవాబు వెతుక్కున్నాను. దొరికింది నిజం ఒక్కటే. "అంతకు ముందు దినం నేనే ఆకురాయితోని గీకిన సార్. తెలిసే గీకిన."

చాచా జీపు దిగి వచ్చాడు. తిడతాడని, కొడతాడని కూడా అనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది. కొండీ మీద ఎర్ర రంగును బొటనవేలితో ఒకసారి రుద్ది చూసుకున్నాడు. "పదైదు దినాల సంది నా కండ్లను నేనే నమ్ముత లేను బేటా. మనుమరాలిని ఎత్తుకొని మెట్లు దిగాలంటె గూడ బుగులైతున్నది" అన్నాడు. అంతే. గీత దాటి వెళ్లిపోయాడు.

చాచాను మరునాడే డ్యూటీలోకి తీసుకున్నారు. నన్ను తీసేస్తారనుకున్నాను. మేనేజర్ తీసేయలేదు గానీ, ఆ సీజనంతా షెడ్డులో పనిబెంచీ మీద కూర్చోనివ్వలేదు. చెరుకు బండ్లు నిలిచే యార్డులో నిచ్చెన మోసుకుంటూ బల్బులు మార్చాను. అది శిక్ష అనుకుంటే తక్కువే. యార్డుకు పోయే ముందే ఆ ప్లగ్గు తీసేసి, హైదరాబాదు నుంచి నాలుగు కాళ్లది వచ్చేదాకా బండికీ జీపుకూ మధ్య నాలుగో తీగ విడిగా బోల్టుతో బిగించాను. బోల్టు కింద రంగు గీకి బిగించాను. గుమ్మం దగ్గర గీతను కొబ్బరి పీచుతో రుద్ది కడిగాను. సున్నం ఏళ్ల తరబడి పట్టింది, పూర్తిగా పోలేదు.

ఫీల్డ్‌మన్ ఇంటికి కూడా వెళ్లాను. జక్రాన్‌పల్లి దగ్గర ఊరు. వాకిట్లో పసుపు కొమ్ములు ఆరబోసి ఉన్నాయి, పక్కన మంచం మీద ఉన్నాడు. చెప్పాల్సింది చెప్పాను. ఆయన విని కాసేపు కొమ్ములు కలియబెట్టాడు. "ప్లగ్గుకు ఒక కాలు తక్కువ పెట్టినవు, అది నా కాలు తీసుకున్నది" అన్నాడు. నవ్వాలో వద్దో నాకు తెలియలేదు. ఆయన నవ్వాడు కాబట్టి నేనూ నవ్వాను. తర్వాత అన్నాడు. "ఆ ముసలాయన మీద నేను దొంగసాక్ష్యం చెప్పిన్నేమో అని నాకు మనసుల ఉండె. గది పోయింది. నువ్వొచ్చి మంచి పని జేసినవు. గని కాలు మాత్రం గట్లనే ఉంటది." నిజమే. ఆయన ఉద్యోగం చేసినన్నాళ్లూ కుంటుతూనే తోటలు తిరిగాడు. ఆయన నడక వినబడితే నేను చేస్తున్న పని ఒకసారి ఆగేది.

తర్వాతి సీజన్‌లో మళ్లీ బెంచీకి వచ్చాను. అప్పటినుంచి దవాఖాన బండి బయలుదేరే ప్రతి పొద్దునా, జీపుకు కట్టిన తర్వాతే తనిఖీ. చాచా సీట్లో కూర్చునేవాడు, నేను వెనక నిలబడేవాణ్ని. ఆయన బ్రేకు తొక్కి, "ఉందా?" అనేవాడు. నేను "ఉంది" అనేవాణ్ని. ఆయన వెళ్లిపోయేవాడు. సలాము లేదు, చాయ లేదు, వేరే మాట లేదు. ఆరేడేళ్లు మా ఇద్దరి మధ్య రోజుకు ఆ రెండు మాటలే. షెడ్డులో వాళ్లు, "మొగుడు పెండ్లాలు గూడ గింత పొదుపుగ మాట్లాడుకోరు" అని నవ్వేవారు. నాకు ఆ రెండు మాటలు చాలా ఎక్కువనిపించేవి. నేను "ఉంది" అంటే ఆయన వెనక్కి తిరిగి చూసుకోకుండా బండి కదిలించేవాడు.

ఆయన చివరి డ్యూటీ రోజున మామూలుగానే వచ్చాడు. జీపుకు బండి కట్టాం. ఆయన సీటు ఎక్కలేదు.

"నువ్వు కూసో" అన్నాడు.

ఎక్కి కూర్చున్నాను. అద్దంలో చూస్తే ఆయన నెమ్మదిగా బండి వెనక్కి పోయి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. స్విచ్చు వేశాను. బ్రేకు తొక్కాను. నాలుగో తీగ నేనే కట్టాను, బోల్టు నేనే బిగించాను, పొద్దునే మళ్లీ చూశాను. అయినా అడిగాను.

"ఉందా చాచా?"

ఆయన వంగి కుడి దీపం చూశాడు, ఎడమ దీపం చూశాడు. నిలబడి కొంచెం వెనక్కి జరిగి, మోటారు సైకిలు మీద వచ్చే మనిషికి కనపడేంత దూరం నుంచి మళ్లీ చూశాడు. నా కాలు బ్రేకు మీదే ఉంది. పిక్క నొప్పి పుడుతున్నా తీయలేదు.

"ఉంది బేటా" అన్నాడు. "నాకు మంచిగ కనవడుతున్నది."